రుపియాను తేలనిచ్చిన గురువారం

జకార్తా,
ఆగస్టు 1997, ఆదివారం.

చిరంజీవి నికెన్‌కు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి అందరూ కులాసా అన్నట్టే. ఒసాకాలో నీ దగ్గు తగ్గిందా? అమ్మ సమాధి దగ్గర నువ్వు నాటిన దేవగన్నేరు చిగురించింది.

"రుపియా తేలుతోందంటూనే మీ బ్యాంకు దాన్ని పట్టుకుంటుందేం?" అని అడిగావు. పేరుకు తేలుతున్నా, కేంద్ర బ్యాంకుగా మేం ఇన్నాళ్ళూ ఒక హద్దు గీశాం. రుపియా దాన్ని దాటబోయినప్పుడల్లా డాలర్లు అమ్మి నిలబెట్టేవాళ్ళం. మొన్న గురువారం ఆ హద్దు తీసేశాం. ఇక బజారు ఎంతంటే అంత.

శుక్రవారం పొద్దున సోయా గింజల టెంపే బిళ్ళలు అమ్మే జుమినా గేటు దగ్గర ఆపింది.

"రేడియోలో రుపియా తేలిందన్నారు సారూ! తేలిందంటే మునగలేదనేగా? మరి మీ మొహమేంటి, అలా మునిగిపోయింది?"

"నీ సోయా అమెరికా నుంచి వస్తుంది, జుమినా. ధర పెరుగుతుంది."

"అయ్యో, నా టెంపే ఈ సందు దాటి ఎరగదే!"

నవ్వాను. ఆఫీసు దాకా అదే లెక్క వేసుకుంటూ నడిచాను. డాలర్లు అమ్మితే నిల్వ కరుగుతుంది. వడ్డీ పెంచితే కంపెనీలు మూతపడతాయి. ఊరుకుంటే రుపియా జారుతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగం తర్వాత, ఎప్పుడు పట్టాలో ఎప్పుడు వదలాలో నాకు తెలియడం లేదు. ఆఫీసులో ఎవరికీ తెలిసినట్టు లేదు.

నీ రెండో ప్రశ్నకు ఇంకా జవాబు రాయలేదు. నేను దాచిన ఫీజు డబ్బు ఇప్పుడే యెన్లలోకి మారుస్తారా, నెలాఖరు దాకా ఆగుతారా అని అడిగావు. బుధవారం నీ ఉత్తరం నా బల్ల మీదే ఉంది. హద్దు తీసేస్తున్నారని ఆ సాయంత్రమే నాకు చెప్పారు. డబ్బు మార్చే కొట్టు మా ఆఫీసు ఎదురుగానే ఉంది, తెరిచే ఉంది. దాని ముందు నుంచే ఇంటికి నడిచి వచ్చాను. బ్యాంకులో తెలిసిన మాట నా ఇంటికి వాడుకోకూడదు. రుపియా జారింది, దాచిన డబ్బు ఇప్పుడు నీ ఫీజుకు చాలదు.

చేసింది సరో కాదో తెలియదు. అమ్మ ఉంటే ఒక్క మాటతో తేల్చేది.

నీ కడుపు కింద చెయ్యి పెట్టి అమ్మ ఈత నేర్పిన రోజు గుర్తుందా? "చెయ్యి ఉందా అమ్మా?" అని నువ్వు అరుస్తుంటే, "ఉందే, కాళ్ళు కొట్టు" అనేది. అప్పటికే చెయ్యి తీసేసింది. గట్టు మీద ఉన్న నాకు కనిపించింది.

బేకరీలో సాయంత్రాలు పని చేస్తానంటే వద్దన్నాను. ఇప్పుడు చెయ్యి. నేను పంపగలిగింది పంపుతాను. అమ్మలా, చెయ్యి ఉందని చెప్పడం నాకు చేతకాదు.

కాళ్ళు కొట్టు, తల్లీ.

ఇట్లు,
గట్టు మీద నుంచి,
మీ నాన్న