మేస్త్రీ పరీక్ష

1946 నవంబరు 4, తిరుపతి

వడ్రంగి కూతురికి బి.ఏ. ఎందుకన్న వాళ్లందర్నీ కాదని నాయన నన్ను చదివించినాడు. చదివి ఇంట్లో కూర్చున్నాను. ఏమీ తోచదు.

మద్రాసులో మేస్త్రీల సంఘం ఒకటి వడ్రంగులకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుందంట. ఇష్టముంటేనే. బలవంతం లేదు. ధనంజయ నాయుడు తాను కట్టిస్తా ఉండే కొత్త సత్రానికి నలభై తలుపులూ నాయనకే అని నోటిమాట ఇచ్చి ఉండాడు. కాగితం కూడా ఉంటే ఇంక ఎదురెవరు? ఫారం నేనే నింపినాను. ముప్పై ఏండ్లుగా నా తలుపులే చెప్తా ఉండాయి గదమ్మా అన్నాడు నాయన. అయినా సంతకం పెట్టినాడు. నాకోసం.

నవంబరు 9

నాయన దగ్గర పని నేర్చిన కుప్పుస్వామి కూడా అప్లికేషన్ పెట్టినాడంట. గురువూ శిష్యుడూ ఒకే బెంచీనా అని అమ్మ ఒకటే నవ్వు.

డిసెంబరు 15, సాయంత్రం 6

మద్రాసులో పరీక్ష ముగించుకుని నాయన రైలు దిగి వచ్చినాడు. మొహం వెలిగిపోతా ఉంది. చిన్న తలుపు చేయమన్నారంట. అందరికంటే ముందు చేసేసినాడంట.

మా వాళ్లలో తలుపుకు చివరి కొయ్యమేకు మేస్త్రీ కొట్టడు. ఇల్లు గలాయన కొట్టాల. అప్పుడే తలుపు ఆయనదవుతుంది. నాయన ఆ ఒక్క మేకూ వదిలి, చెక్కసుత్తి ఎగ్జామినర్ వైపు చాచినాడంట. ఆయన తీసుకోలేదంట. పెద్దమనిషి, మొహమాటపడినాడు పాపం అన్నాడు నాయన. గంట కొట్టేదాకా అట్లే చెయ్యి చాచి నిలబడినాడంట. కుప్పుస్వామి మాత్రం తానే కొట్టేసుకున్నాడని నాయన విసుక్కున్నాడు, వానికెప్పుడూ తొందరే అని.

ఫారంతో వచ్చిన రూల్సు కాగితం వెతికి మళ్లీ చదివినాను.

1947 జనవరి 20

కార్డు వచ్చింది. కవరు కాదు, కార్డు. పోస్టుమాన్ చెంగల్రాయుడు దారి పొడుగునా చదువుకుంటా వచ్చినాడు.

ఫెయిల్డ్. వర్క్ అన్‌ఫినిష్డ్.

అంటే ఏమని నాయన అడిగినాడు. చెప్పినాను. పూర్తి చేయాల్సింది నేను కాదు గదమ్మా అన్నాడు. కాసేపుండి మళ్లీ అదే అన్నాడు.

ఆడ ఇల్లు గలాయన ఎవరూ ఉండడు నాయనా అని ముందే చెప్పి ఉండాల్సింది. ఇంత చదివి ఆ ముక్క తోచలేదు నాకు.

జనవరి 23

నాయుడు వచ్చినాడు. కాఫీ ముట్టలేదు. పోకుండా ఉంటే నిన్ను అడిగేవాడే లేడప్పా మునస్వామీ, పోయి తప్పినావు, అదే చిక్కు, రేపు నలుగురూ నన్నడగరా అన్నాడు.

తలుపులు పాసైన కుప్పుస్వామికి.

ఫిబ్రవరి 2

నాయన పొద్దుటినుంచీ ఉలి నూరుతా ఉండాడు. పనేమీ లేదు.

ఫిబ్రవరి 17

కుప్పుస్వామి వచ్చినాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. నలభై తలుపులు నా ఒక్కని చేత కాదు మామా, నువ్వు రావాల అన్నాడు తల వంచుకుని. ఎన్ని గంటలకు రావాల అని మాత్రం అడిగినాడు నాయన.

ఫిబ్రవరి 18

ఈరోజు నాయన పనికి పోయినాడు. కుప్పుస్వామిని మేస్త్రీ అని పిలిచినాడంట. ఇంకెవర్నో అనుకుని, రెండోసారి పిలిస్తేగానీ అతను తిరిగి చూడలేదంట.