బావి చివరి మెట్టు

బల్మూరు, 1942 ఏప్రిల్ 6

ప్రియమైన ఎస్తేరు నాయినకు,

నీ బిడ్డ కాలికి నారికురుపు లేచింది. మడమ దగ్గర బొబ్బ పగిలి, దారంలాంటి పురుగు తల బయటపెట్టింది. రోజూ వేలెడంత లాగి పుల్లకు చుడుతున్నాను. బిడ్డ ఏడుపు వింటే నీకు అన్నం సహించదు. ఈ రోగం బావి నీళ్లతోనే వస్తుందని వాడలో అందరూ అంటున్నారు.

ఊరి బావి దగ్గరికి రానివ్వరని మన వాడవాళ్లం ఏడాదిపాటు, ఆదివారం ప్రార్థన అయ్యాక, తవ్వుకున్న దిగుడుబావి ఇది. దాన్ని పాడుచేసిందెవరో నాకు తెలిసింది. పోయిన దసరాకు గట్టు ఊరి నుంచి కూలికి వచ్చిన మద్దిలేటి, మొన్న కాలికి గుడ్డ చుట్టుకుని చివరి మెట్టు మీద కూర్చున్నాడు. "పుండు కాలు నీళ్లల్ల పెట్టినవా?" అన్నాను. "లేదక్కా, కడవ ముంచనీకి కూసున్న" అన్నాడు. నేను నమ్మలేదు. పెద్దలను పిలిచి వాళ్లింటికి బావి బందు పెట్టించాను. మంచిపని చేశానా లేదా రాయి.

నీ జములమ్మ

నాగర్‌కర్నూలు, ఏప్రిల్ 11

ప్రియమైన జములమ్మకు,

మంచిపనే చేశావు. నేనుంటే వాడి కాళ్లు విరగ్గొట్టేవాణ్ణి. ఇక్కడ మేం దిగుడుబావుల మెట్లు రాళ్లతో మూసి, చుట్టూ గోడ కట్టి, గిలకలు పెడుతున్నాం. పుండు కాలు నీళ్లలో పెడితే పురుగు పిల్లలు దిగుతాయని, ఆ నీళ్లు తాగినవాళ్లకు మళ్లీ నారి లేస్తుందని మా పని చూసే సర్కారు డాక్టరు చెప్పాడు. గుడ్డ మడతపెట్టి నీళ్లు వడగట్టు. వాణ్ణి మాత్రం బావి దరిదాపులకు రానివ్వకు.

ఎస్తేరును తలుచుకుంటూ,
ఇస్రాయేలు

బల్మూరు, ఏప్రిల్ 19

ప్రియమైన ఎస్తేరు నాయినకు,

చుట్టేటప్పుడు పురుగు తెగింది. కాలు మోకాలిదాకా వాచి, బిడ్డకు జ్వరం కాస్తోంది. వాడలో ఇంకో ముగ్గురికి లేచింది.

మద్దిలేటి పెండ్లాం ఈరమ్మకు నెలలు నిండుతున్నాయి. వాగు ఇసుకలోని చెలిమ నుంచి నీళ్లు మోయలేక, నిన్న ఖాళీ కడవతో వచ్చి దూరంగా నిలబడింది. "జర ఒక్క కడవ పొయ్యక్కా" అంది. "నీ మొగుణ్ణి అడుగు పో" అన్నాను. ఊరి బావి దగ్గర మనమూ అట్లాగే నిలబడేవాళ్లం, అది గుర్తుకొచ్చింది. అయినా పొయ్యలేదు. నా కోపం చల్లారలేదు.

జములమ్మ

నాగర్‌కర్నూలు, ఏప్రిల్ 24

ప్రియమైన జములమ్మకు,

నిన్న డాక్టరుకు ఎస్తేరు సంగతి చెప్పాను. "ఈ ఏడు లేచిన నారి నిరుడు తాగిన నీళ్లది" అన్నాడు. తాగిన ఏడాదికి గానీ పురుగు బయటపడదట. మద్దిలేటి మన వాడకు వచ్చి ఆరు నెలలే.

నిరుడు ఈస్టరుకు చీలమండ మీద పుండుతో ఇంటికి వచ్చింది నేను. నువ్వే ఆకు కట్టావు. మంట ఆగక మధ్యాహ్నం బావి దిగి, చివరి మెట్టు మీద కూర్చుని, కట్టు విప్పి కాలు నీళ్లలో పెట్టాను. చల్లగా హాయిగా ఉంటే చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అది నారి పుండని అప్పటికి తెలియక చేశాను. కానీ వాడి కాళ్లు విరగ్గొడతానని రాసింది కూడా నేనే. పనిలో రజా దొరకగానే వస్తున్నాను.

ఇస్రాయేలు

బల్మూరు, ఏప్రిల్ 29

ఎస్తేరు నాయినకు,

ఈసారి ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చింపకుండా పెద్దల ముందు చదివాను. తర్వాత రెండు కడవల నీళ్లు వడగట్టి ఈరమ్మ గడపలో పెట్టాను. ఆమె రెండూ నా ముందే నేలమీద కుమ్మరించి, ఖాళీ కడవలు నా చేతికిచ్చింది. నా మీద నాకెంత కోపమో, నీ మీద అంతకు రెండింతలు.

బిడ్డకు జ్వరం దిగింది. గోడ పట్టుకుని నడుస్తోంది.

వచ్చాక ముందు మనింటికి కాదు, వాళ్ల గడపకు పో. ఆ తర్వాత మెట్లు మూసి గిలక పెట్టు. మొదటి చేద మద్దిలేటి తోడాలి. పెద్దలు ఒప్పుకున్నారు.

"మద్దిలేటి మామ బావిల కాలెందుకు పెట్టిండమ్మా?" అని ఎస్తేరు ఇంకా అడుగుతోంది. దానికి జవాబు నువ్వే చెప్పాలి.

జములమ్మ