ఆల్కైన్లకూ కాంప్లెక్సులకూ పది తేడాలు

జూన్ 2, ఉదయం 6:00
నరసరావుపేట జూనియర్ కాలేజీ ఒకదానిలో కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టు. పన్నెండున నా డెమో క్లాసు! టాపిక్ కోసం ప్రిన్సిపాల్ రాఘవయ్య గారు నిన్న డబ్బాలోంచి చీటీ తియ్యమన్నారు. రెండు అంటుకుని వచ్చాయి. ఆల్కైన్లు, చార్జ్ ట్రాన్స్‌ఫర్ కాంప్లెక్సులు.
"ఒకటి వెనక్కి వెయ్యనా సార్?"
"ఎందుకమ్మా? రెండింటికీ తేడాలు చెప్పు. పది. పది లేకపోతే పిల్లలు నోట్సు రాసుకోరు."
నిర్ణయం: రోజుకో తేడా. ఫోన్ ముట్టను. ఈ ఉద్యోగం రాకపోతే దాచేపల్లిలో సిమెంటు లారీలకి గేటు పాసులు రాయాలి. పెదనాన్న అప్పుడే మాట్లాడేశాడు.

జూన్ 3, 6:10
తేడా 1: ఆల్కైన్‌లో రెండు కార్బన్ల మధ్య ఏకంగా మూడు బంధాలు. కాంప్లెక్స్‌లో రెండు అణువులు పక్కపక్కన నిలబడతాయి, ఒకటి రెండోదానికి కాస్త ఎలక్ట్రాన్ సాయం చేస్తుంది. అంతే. ఎంత అందం! మూడు రంగుల పెన్నులు కొన్నాను.

జూన్ 4, 7:40
తేడా 2: కాంప్లెక్స్‌కి కొత్త రంగు పుడుతుంది. రుజువు: ఇడ్లీ మీద టించర్ అయోడిన్ చుక్క. పిండితో అయోడిన్ కలిస్తే అదీ కాంప్లెక్సే. ముదురు నీలం!
7:45. అమ్మ: "ఏందే, ఇడ్లీకి దెబ్బ తగిలిందా, మందు పూశావు?"
వాయి మొత్తం బయట పారేసింది. టిఫిన్ లేదు. చదువూ లేదు.

జూన్ 6
నిన్న కరెంటు లేదు. పోయింది పగలే అనుకోండి.

జూన్ 7, 11:00
ఆల్కైన్‌ని కళ్ళారా చూడాలని మౌలాలీ మామ వెల్డింగ్ షాపుకి వెళ్ళాను.
"మామా, నీ సిలిండర్లో ఉండేది ఆల్కైన్. ఎసిటిలీన్."
"ఇరవై ఏళ్ళ నుంచీ గ్యాసే అనుకుంటున్నానమ్మా. ఇప్పుడు పేర్లు చెప్పి భయపెట్టమాక."
తేడా 3: ఆల్కైన్‌తో గేటు అతుకుతుంది. కాంప్లెక్స్‌తో అతకదు.

జూన్ 9
తేడా 4: ఒకటి సిలబస్‌లో ఉంది.
తేడా 5: రెండోది లేదు.
ఎమ్మెస్సీలో నా పక్క బెంచీ యాస్మిన్ ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను కాబట్టి ముట్టినట్టు కాదు.
"ఏమే, మామిడికాయకీ మంచానికీ తేడాలు అడిగినా రాస్తావా? పోలికే లేనప్పుడు తేడా ఎక్కడిదే?"

జూన్ 11
పడుకున్నాను.

జూన్ 12, మధ్యాహ్నం 12:00
అయిదు తేడాలూ పది నిమిషాల్లో అయిపోయాయి. ఇంకా ముప్పై నిమిషాలు. నిజం చెప్పేశాను: "వీటిని అసలు పోల్చకూడదు."
మొదటి బెంచీ అమ్మాయి: "మేడమ్, ఇది ఆరో పాయింటా?"
అందరూ రాసుకున్నారు. వెనక కూర్చున్న రాఘవయ్య గారూ రాసుకున్నారు.
"బాగా చెప్పావమ్మా. ఉద్యోగం నీకే. ఇరవైమూడున చేరు. ఆ రోజు పోలికలు చెప్పు. పది."
"పోల్చకూడదని ఇప్పుడేగా సార్ రాసుకున్నారు?"
"అది తేడాల్లోకి వస్తదమ్మా."

జూన్ 13, ఉదయం 6:00
నిర్ణయం: రోజుకో పోలిక. ఫోన్ స్పీకర్లో కూడా ముట్టను.
పోలిక 1: రెండింటిలోనూ ఎలక్ట్రాన్లు ఉంటాయి.
6:15. లోకంలో అన్నింటిలోనూ ఉంటాయి. అయినా రాసుకుంటారు.