పదకొండు ఒకట్లు

బావా,

తేలేదాకా వదలనని మాటిచ్చి, మధ్యలోనే వదిలేశావు. పదకొండు ఒకట్లు వరుసగా రాస్తే వచ్చే సంఖ్యను ఒకటీ, అదీ కాక ఇంకేదైనా సంఖ్య శేషం లేకుండా భాగిస్తుందా అని, మల్కాపురంలో లోడింగుకు ఆగిన వ్యాగన్ల మీద సుద్దముక్కతో ఏళ్ల తరబడి భాగహారాలు చేశావు. ఒక్కో సంఖ్యతో భాగిస్తూ ఇరవై ఒక్క వేలు దాటావు.

అప్పుడు మీ అన్న సూర్యారావు వచ్చి నవ్వాడు. "ఏటిరా, ఇంకా దాన్నే పట్టుకు ఏలాడతన్నావ్? అది దేనికీ తెగదు. సుద్ద దండగ."

ఒక్క భాగహారమూ చెయ్యకుండా అన్నాడు. అన్న మాట దాటని నువ్వు చేతులు దులుపుకున్నావు. తెగదనుకునే పోయావు.

ఇవాళ నీ మనవరాలు ఫోనులో జవాబు చూపించింది. నమ్మకం కుదరక నేనూ చేత్తో భాగించాను. 21,649 దగ్గర శేషం సున్నా.

ఇంకొన్నాళ్లు ఆగితే నీకే దొరికేది. నీ మీద కోపం ఇవాళ్టితో తీరింది. సూర్యారావు మీద తీరలేదు.