సోమలింగాన్ని పూర్తి చేయవలసిన మనిషి

అన్నమయ్య జిల్లా రాయచోటి దగ్గర పుట్టి, ముప్పై ఒక్క ఏళ్లుగా కువైట్‌లోని జాబ్రియాలో మామా (ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తాం) ఇంట్లో డ్రైవరుగా పనిచేస్తున్న నరసింహులు అనే నేను, నా యాభై తొమ్మిదో ఏట, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, పూర్తి స్పృహతో, నా చేతితో రాసుకుంటున్న వీలునామా ఇది. నా తెలివి మీద అనుమానం ఉన్నవాళ్లు నా లైసెన్సు రెన్యువల్ కాగితం చూసుకోవచ్చు. కళ్లు, చెవులు, బుర్ర సరిగానే ఉన్నాయని పోయిన నెలే డాక్టరు ముద్ర వేశాడు. గుండెకు ఒక స్టెంటు పడింది గానీ, దానికీ తెలివికీ సంబంధం లేదు.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఒక కారు. అది ఇంకా కారు కాలేదు.

1. నా తదనంతరం ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా మిత్రుడు, హైదరాబాదు మెకానిక్ ముజీబ్‌ది. అతనే సాక్షి సంతకం కూడా పెడుతున్నాడు. సాక్షికి ఆస్తి రాస్తే చెల్లదని తెలిసినవాళ్లు చెప్పారు. అందుచేత అతనికి ఇవ్వాలనుకున్న టీ ఫ్లాస్కు నిన్ననే ఇచ్చేశాను. మూత కొంచెం వదులుగా ఉంటుంది, చూసుకోవాలి.

2. ఊర్లో నేను కట్టించిన రెండు గదుల ఇల్లు, దాని వెనుక ఉన్న ఖాళీ జాగా, దాన విక్రయాది సర్వ హక్కులతో మామా ఇంట్లోనే వంటమనిషిగా ఉన్న నా భార్య గంగులమ్మకు చెందవలెను. ఆ జాగాలో మా పక్కింటివాళ్లు గేదెను కట్టేస్తున్నారు. గేదె మీద నాకు కోపం లేదు.

3. నా కూతురు అరుణజ్యోతికి, మంగఫ్‌లో క్లినిక్ ల్యాబులో పనిచేస్తున్నది కాబట్టి, నా అరబ్బీ మాటల నోటుబుక్కు. ఆసుపత్రుల బయటా షాపుల బయటా మామా కోసం ఎదురుచూస్తూ ఒక్కో మాటే రాసుకున్నాను తల్లీ. తిట్లన్నీ చివరి పేజీల్లో ఉన్నాయి. ముందు అవే చదువుతావని నాకు తెలుసు.

4. నా బామ్మర్ది ఆంజికి ఏమీ ఇవ్వనని రాద్దామనుకున్నాను. అందుకు కారణం ఉంది. మామా చిన్న కొడుకు ఇంగ్లండు నుంచి ఒక కారును విడిభాగాలుగా పెట్టెల్లో తెప్పించుకున్నాడు. ఇంట్లోనే బిగించుకునే రకం. మొదటి పెట్టె తెరిచి, నట్లు చూసి దడుచుకుని, సంతకం పెట్టి మరీ మొత్తం నాకు ఇచ్చేశాడు. కబ్ద్‌లో వాళ్ల తోటలో, మేకల కొట్టం పక్క షెడ్డులో దాన్ని పెట్టుకున్నాను. షెడ్డులో ఉన్నా ముందుజాగ్రత్తగా ఉంటుందని బీమా చేయించాను. ఆ సంగతి వినగానే ఆంజి మంగఫ్‌లో పదిమంది ముందు, “ఏం బావా, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాదే. కారే ల్యాకుండా కారుకు ఇన్సూరెన్సా?” అన్నాడు. ఆ రోజు నుంచి మావాళ్లంతా కారును సోమలింగం అనే పిలుస్తున్నారు. ఇప్పుడు నాకు కూడా వేరే పేరు నోటికి రావడం లేదు.

అయినా గంగులమ్మ ఒప్పుకోలేదు కాబట్టి ఆంజికి నా కూలింగ్ గ్లాసులు ఇస్తున్నాను. సోమలింగంలో రెండే సీట్లు. ఆంజికి చోటు లేకపోవడం నేను కోపంతో చేసింది కాదు, కంపెనీవాళ్లు తయారు చేయడమే అలా చేశారు.

5. ఇక బీమా సంగతి వివరంగా రాయాలి. ఈ వీలునామాకు మూలం అదే.

తయారవుతున్న కారుకు బీమా ఇవ్వాలంటే పని నిజంగా జరుగుతోందని చూపించాలట. బీమా ఆఫీసులో ఉన్న విజయవాడ వరప్రసాద్ గారు నాకు అంతా ఓపికగా చెప్పారు. షెడ్డుకు రెండు తాళాలు, మంట ఆర్పే సిలిండరు ఒకటి, నెలకొక ఫొటో. ఫారంలో రెండు ముఖ్యమైన గడులు. కారు కడుతున్నది ఎవరు? ఆ మనిషి చేయలేని పరిస్థితి వస్తే, పూర్తి చేసేది ఎవరు? మొదటి గడిలో నా పేరు రాశాను. రెండో గడిలో, క్షణం కూడా ఆలోచించకుండా, ముజీబ్ పేరు రాశాను. ముజీబ్‌కి ఆ మాట చెబితే, “అరె భాయ్, నా చేతికొస్తే ఆ ఇంజనే తీసేస్తా” అన్నాడు. అయినా మార్చలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మామా కుటుంబమంతా తోటలో భోంచేసి పడుకుంటుంది. వంట చేసిన గంగులమ్మకూ బండి తోలిన నాకూ అప్పుడు మూడు గంటల తీరిక. ఆ మూడు గంటలే సోమలింగానివి. ఇంగ్లీషు పుస్తకంలో మాటలు నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి. ఆమెకు ఇంగ్లీషు రాదు, బొమ్మలు చూసేది. “ఏం మనిషివయ్యా, బొమ్మలో బొక్క కిందికుండాది, నువ్వు పైకి బిగించినావు” అని స్టీరింగు రాడ్డు నా చేతే విప్పించి, తనే మళ్లీ బిగించింది. చెప్పకూడదు గానీ, విప్పడంలో నాది మంచి చెయ్యి.

పోయిన వేసవి ముందు దుమ్ము తుపానుకు షెడ్డు రేకు లేచి బానెట్ మీద పడింది. బానెట్ పగిలింది. పరిహారం కోసం వెళితే వరప్రసాద్ గారు నేను పంపిన ఫొటోలన్నీ బల్ల మీద పరిచారు. “నరసింహులు గారూ, పధ్నాలుగు ఫొటోలండి. ఒక్కదాంట్లోనూ మీరు లేరు. అన్నింట్లోనూ పానా ఈవిడ చేతిలోనే ఉంది. కారు కడుతున్నది ఎవరో ఇప్పుడన్నా చెప్పండి” అన్నారు.

ఫొటోలు తీసింది నేనే కదా అని నవ్వాను. తర్వాత ఒక్కొక్కటే చూశాను. తలకు గుడ్డ చుట్టుకుని చక్రం బిగిస్తోంది. నేల మీద పడుకుని బ్రేకు గొట్టం తగిలిస్తోంది. పధ్నాలుగు నెలలు ఆమెనే ఫొటో తీస్తూ, కారును చూశాను గానీ ఆమెను చూడలేదు. నాకు సిగ్గేసింది. ఆ మాటే వరప్రసాద్ గారితో అన్నాను కూడా.

ఆయన కొత్త ఫారం ఇచ్చారు. కట్టేది గంగులమ్మ అని మార్చాక పరిహారం వచ్చింది, కొత్త బానెట్ కూడా వచ్చింది. నా ఎర్ర రంగు కోరిక తీరలేదు. ఆమె పసుపుపచ్చ తెప్పించింది.

6. కాబట్టి సోమలింగాన్ని, పెట్టెలతో, పానాలతో, మిగిలిన నట్లతో సహా, ఈ రోజు నుంచే గంగులమ్మకు ఇచ్చేస్తున్నాను. నా చావు దాకా ఆగవలసిన పని లేదు. నేను పోయిన తర్వాత ఆంజి గానీ, మరెవరు గానీ, ఆడమనిషికి ఇదెందుకని దాన్ని ఇనుప సామాన్ల వాడికి అమ్మించకూడదు. నా దిగులల్లా అదే. నేను లేకపోతే కొత్త డ్రైవరు ఆమెను ప్రతి వారం కబ్ద్‌కు తీసుకువెళ్తాడన్న నమ్మకం లేదు. అందుచేత ప్రతి శుక్రవారం ముజీబ్ ఆమెను తీసుకువెళ్లి, తిరిగి తీసుకురావలెను. ఇంజను ముట్టుకోకూడదు. మామాను అడిగితే, “ఖలాస్, జుమ్మా గంగులమ్మది” అని, అంటే ఇక శుక్రవారం ఆమెదేనని, షెడ్డు తాళం ఆమె చేతికే ఇచ్చింది. అల్లా మామాను చల్లగా చూడాలి.

7. చివరిది. కొత్త ఫారంలో రెండో గడి గంగులమ్మ నింపవలసి వచ్చింది. తాను చేయలేని పరిస్థితి వస్తే పూర్తి చేసేది ఎవరని. ముజీబ్ పేరు చెబుతుందేమోనని చూశాను. ఆమె ఎవరినీ అడగలేదు, నా వైపు కూడా చూడలేదు. తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో, నరసింహులు అని రాసింది.

గంగులమ్మా, ఆ గడిలో నీ పేరు రాయాలని నాకు తోచలేదు. నీకు నా పేరు తప్ప వేరేది తోచలేదు. ఆ తప్పును ఇక్కడ రాసి ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క మాట. నువ్వు లేని షెడ్డులో నేను ఒక్క నట్టు కూడా బిగించలేను. అందుచేత నా ఆస్తులన్నీ పైన రాసిన ప్రకారం పంచి ఇస్తూ, నీకంటే ముందు పోయే హక్కును మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. దాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు.

ఇది చదువుకుని, సరిగానే ఉందనుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

కబ్ద్, 14 నవంబరు 2025, శుక్రవారం

(సంతకం) నరసింహులు

సాక్షులు:
1. ముజీబ్, మెకానిక్
2. వరప్రసాద్, బీమా ఆఫీసు