ఏడు బండల ఎత్తు

ప్రొద్దుటూరు,
ఆగస్టు 6.

గౌరవనీయులైన చెన్నకేశవ గారికి, ఫోర్‌వీల్ వర్క్‌షాపు మున్వర్ సలాములు.

మీ ఫోను స్విచ్చాఫ్ వస్తోంది. అందుకని లిస్టు కింద మీరు రాసిన అడ్రసుకు ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ఏడు సీట్ల కారుకు మీరు చెప్పిన సామాను బెంగుళూరు నుంచి ఇన్నాళ్ళకు దిగింది. బురద టైర్లు, బండిని ఎత్తు చేసే స్ప్రింగులు, అడుగున ఇనుప ప్లేటు, నీళ్ళలో పోయేటప్పుడు ఇంజనుకు గాలి అందించే గొట్టం, ఎక్కడైనా దిగబడితే తాడుతో లాగే మోటారు, టాపు మీద సామాను కట్టుకునే కమ్మీలు, అన్నీ వచ్చాయి. తొమ్మిది నెలలు ఆలస్యం చేశాను. మీరు ఎంత తిట్టినా పడతాను. బండి పట్టుకొని రండి.

ఇట్లు,
మీ తిట్ల కోసం ఎదురుచూసే
మున్వర్

తా.క.: మీ లిస్టు భద్రంగా ఉంది. షాపు గోడకు మైదా పిండి ఉడికించి అంటించాను. నా గోడకు అంటించిన పని ఇంతవరకు ఒక్కటీ మరిచిపోలేదు.


మల్లెలవాండ్లపల్లె, పులివెందుల దాపున,
ఆగస్టు 14.

చిరంజీవి మున్వర్‌కు వనజమ్మ దీవించి రాయునది.

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే కాగితాన్ని కొంచెం తిప్పి చదువుకో.

నువ్వు ఎవరి తిట్ల కోసం ఎదురుచూస్తున్నావో ఆ మనిషి లేడు నాయనా. కేశవ నా కొడుకు. జమ్మలమడుగులో నేలకు పరిచే బండల వ్యాపారం చేసేవాడు. పోయిన కార్తీకంలో జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో పోయాడు.

నీకు ఫోను చేయొచ్చు. ఫోనులో వాడి పేరు వస్తే మధ్యలోనే పెట్టేస్తాను. కాగితం మీదయితే బాగా తిట్టగలను. నువ్వు కూడా ఫోను చేయొద్దు, రాయి.

నీ లిస్టు సంగతి నాకు తెలుసు. ఆ లిస్టు మీదనే వాడికీ నాకూ గొడవ. "కూర్చుంటే లేవబుద్ధి కాని సీట్లు, తల ఎత్తితే ఆకాశం కనపడే అద్దం. ఇంత మంచి కారును పట్టుకపోయి ట్రాక్టరు చేస్తావా రా?" అని అరిచాను. వాడు నవ్వి, "గమ్మునుండుమా, నీకే తెలుస్తాది" అన్నాడు. ఆ నవ్వుకు నాకు ఇంకా మండింది. మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాలుగో రోజు జ్వరం.

ఇప్పుడు విను. వాణ్ణి వాళ్ళ నాయన పక్కన, నల్లవంక వాగు అవతల మా చేలోనే పెట్టారు. ఆ రోజు ఆడవాళ్ళు రాకూడదన్నారు. ఆ తర్వాత వంక పారుతోందన్నారు, ఆటో పోదన్నారు. మైలు దూరం నడవడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు. నా కొడుకు సమాధి నేను ఇంతవరకు కళ్ళతో చూడలేదు. నవంబరు ఇరవై రెండున ఏడాది దినం. ఆ రోజు నా చేత్తో అక్కడ దీపం పెట్టాలి. ఆ సామానంతా కారుకు బిగించు. ట్రాక్టరు చేసినా సరే.

ఇట్లు,
వనజమ్మ


ప్రొద్దుటూరు,
ఆగస్టు 23.

పెద్దమ్మ గారికి మున్వర్ సలాములు.

మీ ఉత్తరం చదివి షాపు షట్టరు సగం దించి కూర్చున్నాను. మా అమ్మ బిస్మిల్లా బీకి చదివి వినిపించాను. "ఆయమ్మను ఏడిపించినావు కదరా, ముందు ఆ పని చెయ్యి, తర్వాత అన్నం తిను" అంది.

మీ మాట ప్రకారం చేస్తాను. బండి పంపండి. రెండు కొలతలు కావాలి. మీ కాలు ఎంత ఎత్తు లేస్తుంది, వంకలో నీళ్ళు ఎంత లోతు. మెట్టు ఎక్కడ పెట్టాలో, బండి ఎంత లేపాలో వాటిని బట్టి చూస్తాను.

ఇంకో మాట. ఇంత పెద్ద బండికి ఇంత చేసి, టాపు మీద డేరా లేకపోతే వెలితిగా ఉంటుంది. మీట నొక్కితే గొడుగులా విచ్చుకుంటుంది. పక్కన నీడకు పరదా, లోపల చిన్న ఫ్రిజ్జు. గండికోటకు పోయే వాళ్ళంతా ఇవే పెట్టించుకుంటున్నారు.

ఇట్లు,
మీ కొడుకులాంటి
మున్వర్

తా.క.: డేరాలో నలుగురు పడుకోవచ్చు. మీ ఒక్కరికే అయితే కాళ్ళు బాగా చాపుకోవచ్చు.


మల్లెలవాండ్లపల్లె,
సెప్టెంబరు 5.

మున్వర్‌కు వనజమ్మ రాయునది.

నేను పోయేది సమాధి కాడికా, గండికోట కాడికా? వాడి పక్కన డేరా వేసుకొని ఫ్రిజ్జులో నీళ్ళు తాగుతూ కూర్చోమంటావా? మా వీధిలో రహమాన్ ఆటో తోలతాడు, కారు కూడా నడుపుతాడు. నీ ఉత్తరం వాడి చేత ఇంకోసారి చదివించుకున్నాను. ఫ్రిజ్జు దగ్గరికి వచ్చేసరికి, "పెద్దమ్మా, సోడాలు కూడా పెట్టుకోవచ్చు" అన్నాడు. వాడికి ఆ పూట టీ ఇవ్వలేదు.

కొలతలు అడిగావు. తాడు పంపుతున్నాను. తాడుకు రెండు ముడులు ఉన్నాయి. మొదటి ముడి నా మోకాలు. మెట్టు దానికంటే పైన ఉంటే నేను ఎక్కలేను. రెండో ముడి వంక నీళ్ళు. నేనే ఆటోలో పోయి, గట్టు మీద కూర్చొని, తాడు దింపి చూసుకున్నాను. మిగిలిన తాడు చేత్తో పట్టుకోవడానికి వదిలింది. ఒక కొసకు ఎర్రగుడ్డ కట్టాను. ఎటు నుంచి చూడాలో గుడ్డే చెబుతుంది. పని తెలిసిన వాడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు.

రేపు రహమాన్ కారూ తాడూ తెస్తాడు.

ఇట్లు,
వనజమ్మ

తా.క.: కొడుకులాంటి అని రాయొద్దు. నాకు ఒక్కడే కొడుకు. నువ్వు మెకానిక్కువి. మెకానిక్కు అనే రాయి.


ప్రొద్దుటూరు,
అక్టోబరు 28.

పెద్దమ్మ గారికి మెకానిక్కు మున్వర్ సలాములు.

పని పూర్తయింది. బండి రహమాన్‌కు అప్పగించాను. డేరా పెట్టలేదు. ఫ్రిజ్జు పెట్టలేదు. సోడా సీసా ఒకటి సీటు కింద దొరికితే అది రహమాన్‌ది, నాది కాదు.

మీ తాడు చూసి నేనూ మా పనివాళ్ళూ కొంచెం కలవరపడ్డాం. మోకాళ్ళ నొప్పి అని రాశారు. తాడు ప్రకారం మెట్టు చాలా ఎత్తున వచ్చింది. నేను ఆరడుగుల మనిషిని, నాకే నడుము దాకా ఉంది. నీళ్ళయితే ఛాతీ దాకా వచ్చాయి. "ఇది కారు పని కాదు, పడవ పని" అన్నాడు మా వెల్డరు. రహమాన్‌ను అడిగాను. "పెద్దమ్మ కొలతలో తప్పు పట్టేదానికి నాకేం పనప్పా, ఒగసారి నోరు తెరిచి టీ పోగొట్టుకున్నా" అన్నాడు. పెద్దవాళ్ళ మాట, ఎదురు చెప్పకూడదని తాడు ఎట్లుంటే అట్లే చేశాను. ఉన్న స్ప్రింగులు చాలక కింద ఇనుప దిమ్మెలు కూడా పెట్టాను. గాలి గొట్టం టాపు కంటే మూరెడు పైకి లేపాను.

ఇట్లు,
మెకానిక్కు
మున్వర్

తా.క.: దారిలో చెట్ల కొమ్మలు చూసుకోమని రహమాన్‌కు చెప్పండి. కరెంటు తీగలు కూడా.


మల్లెలవాండ్లపల్లె,
నవంబరు 3.

మున్వర్‌కు వనజమ్మ కోపంగా రాయునది.

కారు వచ్చింది. అది కారేనని రహమాన్ ప్రమాణం చేస్తేగానీ నమ్మలేదు. వీధిలో జనమంతా చేరారు. ఎదురింటి స్వర్ణలత నడుము మీద చేయి పెట్టుకొని, "ఏంది వనజక్కా, ఎలక్షన్లకు నిలబడతాండావా? ముందే చెప్పింటే పూలు తెచ్చేదాన్ని కదా" అంది.

ఎక్కుదామని పోయాను. ఒక కాలు మెట్టు మీద పెట్టాలంటే రెండో కాలు గాలిలో పెట్టాలి. రహమాన్ పీట వేశాడు, చాలలేదు. పీట మీద ధాన్యం డబ్బా వేశాడు. డబ్బా మీద నేను ఎక్కాను. కారు ఇంకా పైనే ఉంది. స్వర్ణలత వెనక నుంచి తోసింది, రహమాన్ ముందర నుంచి లాగాడు. అరవై రెండేండ్ల మనిషిని జొన్నల బస్తాను చేశారు. లోపల కూర్చున్నాక దించడం వాళ్ళకు చేతకాక, దాంట్లోనే కూర్చొని పప్పులో వేయడానికి వంకాయలు తరుక్కున్నాను.

కేశవ కట్టించిన షెడ్డులో పెట్టబోతే నీ గొట్టం రేకును చీల్చింది. ఇప్పుడు షెడ్డులో కోళ్ళు, ఎండలో కారు.

నా తాడుకు ఏం తక్కువయింది? బావిలో నీళ్ళు చూసే తాడుకు అడుగున రాయి కడతాం. ఆ రాయి నీళ్ళల్లో ఎక్కడ తగిలిందో కనపడాలని ఎర్రగుడ్డ చుడతాం. నేను వంకలో చూసిందీ అట్లనే. దారిలో కారు అద్దానికి తగులుతుందని రాయి విప్పేసి గుడ్డ ఒక్కటే ఉంచాను. ఎర్రగుడ్డ అంటే అడుగు. ఇది పుట్టిన పిల్లకాయకు కూడా తెలుసు.

ఇంక పందొమ్మిది రోజులే ఉంది. నేను వాడి దగ్గరికి పోతానా లేదా?

వనజమ్మ

తా.క.: వంకాయలు బాగానే వచ్చాయి. సీట్లు మెత్తగా ఉన్నాయి. అది నీ గొప్ప కాదు.


ప్రొద్దుటూరు,
నవంబరు 8.

పెద్దమ్మ గారికి మెకానిక్కు మున్వర్ తల వంచుకొని రాయునది.

మాకు బావి లేదు పెద్దమ్మా. మా కళ్ళ ముందర తిరిగేది లారీలే. ఇనుప కమ్మీలు వెనక్కి పొడుచుకొని వస్తే చివర ఎర్రగుడ్డ కడతారు. మాకు ఎర్రగుడ్డ అంటే ఆఖరి కొస. అందుకే అది లేని తట్టు నుంచి మొదలుపెట్టాను. మీ వంక నీళ్ళ ముడి మెట్టయింది. మీ మోకాలు మునిగిపోయింది.

అంతా విప్పి మళ్ళీ బిగిస్తాను. బండి పంపండి.

ఇంకో సంగతి రాయాలి, ఎట్లా రాయాలో తెలియడం లేదు. కేశవ గారు అసలు ఎంత ఎత్తు అడిగారో చూద్దామని గోడ మీద లిస్టును తడిపి ఊడదీశాను. వెనక పక్క కూడా రాసి ఉంది. నేను అంటించింది ఆ పక్కనే. ఏడాది పాటు అది గోడకు మాత్రమే తెలుసు. రాసింది రాసినట్టు ఇక్కడ దించుతున్నాను:

"అమ్మకు మెట్టు. ఏడు బండల ఎత్తు. ఎనిమిదోదానికి మోకాలు పట్టుకుంది. నాయన కాడికి తీసకపోతానని ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఇప్పట్నుంచే ఏడుస్తాది. మా ఊరి నుంచి ఎవరొచ్చినా గండికోటకని చెప్పు."

పెద్దమ్మా, ఈ పని మొత్తం మీ కోసమే చెప్పారు. నేను ఆ వెనక పక్క చదివి ఉంటే మిమ్మల్ని తాడు అడిగేవాణ్ణి కాదు. కానీ ఏడు బండలంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఏ బండలు? ఎంత మందం?

ఇట్లు,
మెకానిక్కు
మున్వర్


మల్లెలవాండ్లపల్లె,
నవంబరు 25.

నాయనా మున్వర్‌కు వనజమ్మ దీవించి రాయునది.

నువ్వు అడిగినప్పుడు జవాబు రాయలేదు. కారుతో పాటు రహమాన్ చేతికి ఒక బండ ఇచ్చి పంపాను. "దీన్నెత్తి ఏడుసార్లు కొలుచుకోమను" అన్నాను. నువ్వు కొలుచుకున్నావు, బిగించావు. ఆ బండ కథ ఇప్పుడు రాస్తాను.

గొడవకు పది రోజుల ముందు కేశవ జమ్మలమడుగు నుంచి ఎనిమిది బండలు తెచ్చి వాకిట్లో దించాడు. ఒకటి వేసి, "ఎక్కుమా" అన్నాడు. ఎక్కాను. దాని మీద ఇంకోటి వేశాడు. "ఇప్పుడు ఎక్కు." అట్లా ఏడు. ఎనిమిదోది వేస్తే నాకు మోకాలు పట్టుకుంది. "బండలమ్ముకునేటోడివి బండలతో ఆట్లాడుతాండావా? నాకు పొయ్యి మీద కూర మాడిపోతాంది" అని తిట్టాను. వాడు ఎనిమిదోది తీసి గోడకు ఆనించి పోయాడు. ఆ ఏడు బండలు ఏడాదిగా అక్కడే ఉన్నాయి. నేను వాటి మీద ఒడియాలు ఎండబెట్టుకుంటున్నాను.

మొన్న ఏడాది దినం నాడు కారు మెట్టు ఎక్కాను. ఎవరూ తోయలేదు, లాగలేదు. ఆ బండల మీద కాలు పెట్టినట్టే ఉంది. సీట్లో కూర్చున్నాక కాసేపు బండి కదిలించొద్దని రహమాన్‌కు చెప్పాను.

తర్వాత నల్లవంక కాడికి పోయాం. చూస్తే వంకలో చుక్క నీళ్ళు లేవు. వాన మొహం చాటేసి నెల అయింది. నీ గొట్టం, నా తాడు, నీ ఎర్రగుడ్డ, నా ఎర్రగుడ్డ, మూడు నెలలు మనం పోట్లాడుకున్న నీళ్ళు అక్కడ లేనే లేవు. ఒక గొర్రె వంక మధ్యలో నిలబడి మమ్మల్ని చూసింది. "కాలు కూడా తడవదు పెద్దమ్మా" అన్నాడు రహమాన్. నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఏది ముందు వచ్చిందో గుర్తు లేదు.

కానీ ఉత్త ఇసుక. మా వెనక చుట్టాల ఆటో చక్రాలు మునిగేదాకా దిగబడిపోయింది. స్వర్ణలత అందులోనే ఉంది. కేశవ చెప్పిన ఆ తాడు మోటారుతో లాగితే బయటపడింది. "అక్కా, నీ కొడుకు లేకుంటే ఈడనే ఉండేటోళ్ళం" అంది. ఉన్నాడు అన్నట్టే అంది. నేను సరిచేయలేదు.

దీపం పెట్టాను. ట్రాక్టరు అన్న మాట వాపసు తీసుకుంటున్నానని వాడికి చెప్పాను. ఆ మూడు రోజులు మాట్లాడాల్సినవి కూడా మాట్లాడాను. వాళ్ళ నాయన పక్కనుంచి విన్నా విననట్టే ఉన్నాడు. ఆయన మొదటి నుంచీ అంతే.

ఇట్లు,
వనజమ్మ

తా.క.: ఆ లిస్టు నాకు పంపు. వెనక పక్క ఊడకుండా ఉంటే చాలు, కొంచెం గోడ కూడా వచ్చినా ఫర్వాలేదు. ఎర్రగుడ్డ కూడా పంపు, అది నా కొత్త రవిక గుడ్డ.

ఇంకో తా.క.: మీ అమ్మకు నా దండాలు చెప్పు. ఇకమీదట ఉత్తరం కింద మెకానిక్కు అని రాయక్కర్లేదు. ఏం రాయాలో నీకే వదిలేస్తున్నా. డేరా సంగతి మాత్రం ఎత్తొద్దు.

ఆఖరి తా.క.: టాపు మీద నీ కమ్మీలు ఊరికే పోలేదు. గోడకు ఆనించిన ఎనిమిదో బండను వాటికి కట్టించుకొని పోయాను. ఇద్దరి సమాధుల గట్ల మీద ఆనేటట్టు నడుమ వేయించాను. ఎక్కడానికి పనికి రాలేదు గానీ, కూర్చోవడానికి ఎత్తు సరిగ్గా ఉంది.