ఎర్ర ఉన్నిదారం కట్టిన రాయి

మా రెంచికి,

మీ నాన్న ఆశీర్వదించి, పట్టలేని సంతోషంతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అమ్మా, ఫ్రిజ్జులో రాళ్ళూ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఓడా, ఓడ కడుపులో నీ ఇంజనూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పంక్చర్ల షాపులో నాకు రెంచీలు అందిస్తూ పెరిగిన పిల్ల ఇవాళ ఇల్లంత ఇంజన్ని అదుపులో పెడుతోందని కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాను. జనం నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోతున్నారని మీ అమ్మ అంటోంది. అననీ!

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు బాగుంది. దిబ్బ ఎక్కేటప్పుడు నొప్పే ఉండదు, సరుకులు తెమ్మన్నప్పుడే వస్తుంది. "సముద్రమే లేని ఊళ్ళో నీకు రొయ్య ఎలా దొరికింది నాన్నా, ఆటపట్టిస్తున్నావా?" అన్నావు. నీ మీద ఒట్టు, నిజం రొయ్యే! మీసాలతో సహా! అరచేతిలో పట్టే గుండ్రాయి లోపల, ఇప్పుడే కునుకు పట్టినట్టు ముడుచుకుని ఉంది. మ్యూజియం మేడమ్‌కి చూపిస్తే, భూతద్దం ఆనించి మీసాలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తరవాత చెప్పింది. పాత బొగ్గుగనిలోంచి తీసి పోసిన మన మట్టిదిబ్బ ఉందే, ఆ మట్టి ఒకప్పుడు నది వచ్చి సముద్రంలో కలిసే చోటట. ముప్పై కోట్ల ఏళ్ళ కిందట! నీళ్ళలో రొయ్యలూ, గట్టున తిరిగే పురుగులూ ఒకే బురదలో కూరుకుపోయి మిగిలాయట. వాటిని శిలాజాలు అనాలట. నేను రాతిపురుగులు అంటుంటే ఆవిడకు ఒకటే నవ్వు. చూశావా మరి, నువ్వు సముద్రం మీద ఉద్యోగం చేస్తుంటే మేము సముద్రం అడుగున కాపురం చేస్తున్నాం!

ఓడలో నీ తోటివాళ్ళకు చెప్పాలి, రాళ్ళు తెరిచే పద్ధతి మళ్ళీ రాయమన్నావు. సుత్తి ముట్టుకోకూడదు. సుత్తి దెబ్బకు రాయి ఇష్టం వచ్చినట్టు పగిలి, లోపలున్నది ముక్కలవుతుంది. మన షాపులో ట్యూబులు ముంచి చూసే తొట్టి ఉందిగా, అందులో నానేస్తాను. ట్యూబుకు చిల్లి పడితే వచ్చినట్టే కొన్ని రాళ్ళకు సన్నగా బుడగల వరస లేస్తుంది. ఆ వరస చూస్తే నాకు ఈల వెయ్యాలనిపిస్తుంది. బాగా నానాక ఫ్రిజ్జు పైఅరలో, మంచు కట్టేచోట పెట్టాలి. లోపలికి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది. తీసి కరగనిచ్చి, మళ్ళీ నానేసి, మళ్ళీ గడ్డకట్టించి, ఇలా చేస్తూ పోతే ఏదో ఒకరోజు రాయి తనంతట తనే రెండు చెక్కలవుతుంది. ఒక చెక్కలో ఒళ్ళు, రెండో చెక్కలో దాని అచ్చు. లోపలివాళ్ళు తలుపు తీసినట్టే ఉంటుంది!

మీ అమ్మ సంగతి నీకు తెలియనిదేముంది? "ఇది ఫ్రిజ్జా, క్వారీయా? పాలగిన్నెకు చోటు లేదు. మంచుముక్క కోసం చెయ్యి పెడితే రాయి తగులుతోంది" అని రోజూ ఇదే పాట. "ఒక్క అరేగా" అన్నాననుకో, "ఇవాళ అర, రేపు నా మంచం" అంటుంది.

ఇక, ఓడ మీద ఇంకో ఆర్నెల్లకు సంతకం పెట్టనా, సెలవు పెట్టి రానా, మీరే చెప్పండి అన్నావు. దీనికి జవాబు రాయబోయి చాలా కాగితాలు చించాను. ఎందుకంటే అది నీ రాయితో ముడిపడింది. కిందటి సెలవులో నువ్వు దిబ్బ మీద ఏరిన రాయి. నేను వచ్చేదాకా తెరవకూడదు, మొదట నేనే చూడాలి అని మా ఇద్దరిచేతా చేతిలో చెయ్యి వేయించుకున్నావు కదా. అది టీవీ పక్కనే ఉంది. ఉంది కానీ...

ఇక నావల్ల కాదు, కడుపు ఉబ్బిపోతోంది. రెంచీ, నీ రాయి తెరుచుకుంది!

తిట్టకు, మొత్తం చదువు. మొన్న పొద్దున పైఅరలో నా రాళ్ళు తీస్తుంటే వెనక మూలన నీది! నడుం చుట్టూ వెంట్రుకంత గీత! మతిమరుపుతో నేనే పెట్టేశాననుకుని, "ఏమే, పిల్ల రాయి పాడుచేశానే, దానికి ఇక మొహం ఎలా చూపించను" అంటూ కూలబడ్డాను.

మీ అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. "మీరు కాదు, నేనే నానేసి పెట్టా" అంది.

"నువ్వా? రాళ్ళంటే మండిపడతావుగా!"

"ఆ రోజు పిల్ల దాన్ని తెచ్చి చూడమ్మా అంటే, పని ఉంది పొమ్మన్నా. అది వెళ్ళాక రోజూ దుమ్ము తుడుస్తున్నా. ఇందులో ఏం కనబడి అంత మురిసిపోయిందో అని మనసు ఆగలేదండీ. పగలదులే అనుకున్నా. మీ రాళ్ళు నెలల తరబడి పగలవుగా!"

నేను చేతిలోకి తీసుకున్నానో లేదో, అదే విచ్చుకుంది. మీ అమ్మ పెట్టిన కేకకు పక్కింటి టైలరు మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. మ్యూజియం మేడమ్ వచ్చి చూసి, కుర్చీ అడిగి మరీ కూర్చుంది. "బాబాయిగారూ, ఈ దిబ్బలో ఇలాంటిది ఎవరికీ దొరకలేదు. చెక్కలు రెండూ కలిపే మాకు ఇస్తారా?" అంది. "దొరికింది మా అమ్మాయికమ్మా, దాన్ని అడగాలి" అన్నాను. "అయితే ఆవిడ వచ్చేదాకా ఆగుతాం. కింద చీటీలో ఆవిడ పేరే రాస్తాం" అంది. నీ పేరు, అద్దాల పెట్టెలో! తలుచుకుంటే నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

మీ అమ్మ మాత్రం, "దానికి రాయకండి. మొదట తనే చూడాలని కోరింది కదా. మూసి కట్టేద్దాం. అది విప్పినప్పుడు మనమూ అప్పుడే చూసినట్టు అరుద్దాం" అని, నీ చిన్నప్పటి ఎర్ర స్వెట్టరు ఉన్నిదారం లాగి రాయికి చుట్టింది. దారం ఎందుకని అడిగితే అందం కోసమని చెప్పాలట. నాచేత అరుపు సాధన కూడా చేయిస్తోంది. "అంత ముందే అరిస్తే ఎలా? ముడి విప్పనివ్వండి" అని కోప్పడుతోంది.

కాబట్టి లోపల ఏముందో చంపినా చెప్పను. ఆ రెక్కల మీద గీతలు, ఛ! కొట్టేశాను, ఆ మాట చదవకు. నీకేమీ తెలియదు. నేను రాశానని మీ అమ్మకు తెలిస్తే పైఅర నాకు దక్కదు.

సంతకం పెట్టినా నాకు కోపం లేదు తల్లీ. ఇంజను నీ ప్రాణమని నాకు తెలుసు. రాయి చూపించి నిన్ను లాగుతున్నాననుకోకు. లేదులే, లాగుతున్నాను. వచ్చెయ్.

ఇట్లు,
అరుపు గొంతులోనే ఆపుకుని కూర్చున్న
మీ నాన్న

అమ్మ రాసేది: కవరు అంటించమని నాకే ఇచ్చారు, చదవననుకున్నారు పాపం. రెక్కల దగ్గరే ఆగారు, నయం, అసలు వింత అది కాదు. నువ్వు వచ్చాక ముగ్గురం ఏమీ తెలియనట్టే ఉందాం. రాయి ఇంకో ఆర్నెల్లయినా ఆగుతుంది. మేమే ఆగలేం. ఈసారి నువ్వు ఏరుకొచ్చే రాళ్ళ కోసం పాలగిన్నె బయట పెట్టేశాను.